జీబీలు సరే... మీ గదిలో ఫోన్ మోగుతుందా?

2019 వేసవి. ఇంజినీరింగ్ పూర్తయి, అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నా. ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత పరీక్ష బాగానే రాశా. వారమైనా కబురు లేదు. ఉండబట్టలేక నేనే వెళ్లి అడిగా. రిసెప్షన్‌లో ఉన్నామె రిజిస్టర్ తిరగేసి, ‘మీకు రెండు రోజులు ఫోన్ చేశామండీ, కలవలేదు. తర్వాతి వాళ్లని పిలిచేశాం’ అంది.

నా ఫోన్ పాడవలేదు. రీఛార్జ్ ఉంది. రోజుకు 2 జీబీ డేటా కూడా ఉంది. లేనిదల్లా హాస్టల్ గదిలో సిగ్నలే. డాబా ఎక్కితే నాలుగు గీతలు, గదిలోకొస్తే సున్నా. ఆ సంగతి తెలిసీ ‘డేటా ఎక్కువిస్తున్నారు కదా’ అని అదే సిమ్‌ని పట్టుకుని కూర్చున్నా.

ఇప్పుడు టెక్ బ్లాగు రాస్తుంటా కాబట్టి, జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ‘అన్నా, ఏ సిమ్ మంచిది?’ అని. నేను తిరిగి ఒకటే అడుగుతా: ‘నువ్వు ఏ గదిలో ఉంటున్నావ్?’ వాళ్లు నవ్వుతారు. కానీ ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ప్లాన్ అంటే సినిమాలు చూసుకునే డేటా మాత్రమే కాదు. రెజ్యుమెలో రాసిన ఆ పది అంకెలు, అవతలివాళ్లు డయల్ చేసినప్పుడు మోగాలి. నా లెక్కలో మంచి ప్లాన్‌కి మొదటి అర్హత అదే. ధర, డేటా, 5జీ ఆ తర్వాత.

గది దగ్గర మొదలుపెట్టండి

ఏ కంపెనీ సిగ్నల్ బాగుంటుందన్న ప్రశ్నకు రాష్ట్రం మొత్తానికీ ఒకే జవాబు ఉండదు. మీ ఊళ్లో బాగా వచ్చేది కూకట్‌పల్లిలో సందు లోపలి గదిలో రాకపోవచ్చు. కొత్త సిమ్ కొనేముందు, అక్కడే ఉంటున్న నలుగురిని అడగండి. రూమ్మేట్ ఫోన్ తీసుకుని మీరు పడుకునే చోట, చదువుకునే చోట కాల్ చేసి చూడండి. టెలికం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెడుతున్నాయి. అవి వీధి వరకూ పనికొస్తాయి. గోడల లోపల సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఉంటే ఇంకో పరీక్ష చేయండి. ట్రాయ్ వాళ్ల ‘మైస్పీడ్’ యాప్‌తో పొద్దున పదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ చూడండి. అందరం డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతాం. మీ ముఖం, మీ మాట అవతలివాళ్లకి చేరాల్సింది అప్‌లోడ్ ద్వారా. అది బలహీనంగా ఉంటే మీరు చెప్పిన జవాబు సగంలో తెగిపోతుంది.

డేటా ఎంత కావాలో కూడా ఇలాగే లెక్కేయండి. గంటసేపు వీడియో కాల్‌కి సుమారు ఒక జీబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో పొద్దున్నే రీల్స్ చూసి, మధ్యాహ్నం ఇంటర్వ్యూకి కూర్చుంటే ఏమవుతుంది? పరిమితి దాటాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. దాంతో వీడియో కాదు కదా, ఆడియో కూడా సరిగా రాదు. ‘అన్‌లిమిటెడ్ 5జీ’ అన్న మాట చూసి కూడా తొందరపడొద్దు. అది అన్ని ప్లాన్లకీ రాదు. మీ ఫోన్ 5జీదై ఉండాలి, మీ వీధిలో 5జీ ఉండాలి. మూడూ కుదిరితేనే దానికి డబ్బు పెట్టండి.

నెలకి 28 రోజులేనా?

ఇప్పుడు ధర. దుకాణంలో ‘నెల ప్లాన్’ అంటారు. చేతికిచ్చేది 28 రోజులది. 28ని 13తో హెచ్చిస్తే 364. అంటే ఏడాదికి 12 కాదు, 13 సార్లు రీఛార్జ్ చేస్తున్నారు. మాట వరసకి ప్లాన్ 299 రూపాయలు అనుకుందాం. 12 నెలలకి 3,588 అవుతుందనుకుంటాం. నిజంగా కట్టేది 3,887. ఈ గోల వల్లే 2022 జనవరిలో ట్రాయ్, ప్రతి కంపెనీ 30 రోజుల వ్యాలిడిటీతో ఒక ప్లానైనా, ప్రతి నెలా అదే తేదీకి రీఛార్జ్ చేసుకునేలా మరో ప్లానైనా పెట్టాలని ఆదేశించింది. అవి ఉన్నాయి. మనం అడగం కాబట్టి ఎవరూ చూపించరు.

కాబట్టి ప్లాన్లను పోల్చేటప్పుడు ధరని రోజులతో భాగించండి, 365తో హెచ్చించండి. ఆ ఒక్క అంకె పక్కపక్కన పెట్టి చూస్తే సగం ఆఫర్ల రంగు వెలిసిపోతుంది. హాస్టల్‌లోనో ఇంట్లోనో వైఫై ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. 2024 డిసెంబరులో ట్రాయ్ తెచ్చిన నిబంధన వల్ల కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా వచ్చాయి. రెజ్యుమెలో ఇచ్చిన నంబరుని ఎక్కువ రోజుల వ్యాలిడిటీ ఉన్న అలాంటి ప్లాన్‌లో పెట్టి, డేటాకి వేరే కంపెనీ సిమ్ వాడుకోవచ్చు. ఒకటి పలకని చోట ఇంకోటి పలుకుతుంది కూడా.

‘ఏడాది ప్లాన్‌కి ఒకేసారి అంత డబ్బు ఎక్కడిది?’ అంటారా? నిజమే. ఇంటి నుంచి నెలనెలా వచ్చే డబ్బుతో బతికేవాళ్లకి అది బరువే. అలాంటప్పుడు చిన్న ప్లానే తీసుకోండి, తప్పులేదు. కానీ గడువుకి మూడు రోజుల ముందు అలారం పెట్టుకోండి. ‘జీతం వచ్చాక చేయిద్దాంలే’ అనుకుంటే, ఆ జీతం ఇచ్చే కాలే రాకుండా పోవచ్చు.

పోటీ తనంతట తాను రాదు

‘మార్కెట్లో ఇంత పోటీ ఉంది, కంపెనీలే తగ్గిస్తాయిలే’ అనుకునేవాళ్లకి ఒక మాట. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు ఎయిర్‌సెల్, టాటా డొకోమో, టెలినార్ కూడా ఉన్నాయి. వొడాఫోన్, ఐడియా వేర్వేరు. ఇప్పుడు మన దగ్గర మిగిలినవి జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్... నాలుగే. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్ ఒకే రోజున ధరలు పెంచాయి. వీఐ ఆ మర్నాడు పెంచింది. అంటే ఆఫర్ కోసం ఎదురుచూస్తే సరిపోదు. కస్టమర్ కదులుతాడన్న భయం ఉంటేనే పోటీ పనిచేస్తుంది.

ఆ కదలిక పేరే పోర్టబిలిటీ. దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఉంది. పద్ధతి సులువే. ‘పోర్ట్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కి ఎస్సెమ్మెస్ పంపండి. వచ్చిన కోడ్ నాలుగు రోజులు పనిచేస్తుంది. దాంతో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లండి. ఒకే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాల్లో మారుతుంది, వేరే సర్కిల్‌కైతే ఐదు. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు పూర్తయి ఉండాలి. రాష్ట్రాలు రెండైనా ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకటే టెలికం సర్కిల్. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చినా మీది సొంత సర్కిలే.

రెండు జాగ్రత్తలు. పాత ప్లాన్‌లో మిగిలిన రోజులు, డేటా కొత్త కంపెనీకి రావు కాబట్టి గడువు దగ్గర పడ్డాక మారండి. మారేటప్పుడు కొన్ని గంటలు సర్వీసు ఆగొచ్చు కాబట్టి ఇంటర్వ్యూ ఉన్న వారంలో మాత్రం ఆ పని పెట్టుకోవద్దు.

నంబరు పారేయకండి

నాకు అస్సలు నచ్చని అలవాటు ఒకటుంది. ఫ్రీ డేటా కోసం కొత్త సిమ్ కొనడం, పాతది మూలన పడేయడం. ఆ పాత నంబరే బ్యాంకులో ఉంటుంది, ఆధార్‌లో ఉంటుంది, సర్వీస్ కమిషన్ రిజిస్ట్రేషన్‌లో ఉంటుంది. మీరు వాడని నంబరు రద్దయ్యాక, కొన్నాళ్లకి ఇంకెవరికో వెళ్తుంది. మీ ఓటీపీలు వాళ్ల ఫోన్‌కి పోతాయి. ఆఖరి తేదీ రాత్రి దరఖాస్తు నింపుతుంటే ‘ఓటీపీ పంపాం’ అని తెర మీద కనిపిస్తుంది. ఎవరికి పంపారో మీకు తెలియదు.

మీ సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోండి. చాలామందికి నాన్న పేరు మీదో, అన్న పేరు మీదో ఉంటుంది. ఫోన్ పోయి డూప్లికేట్ సిమ్ కావాలంటే, ఆయన ఊరి నుంచి రావాలి. కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో మీ పేరు మీద ఏయే నంబర్లున్నాయో కనిపిస్తుంది. మీ నంబరు అందులో లేకపోతే, ఖాళీ ఉన్నప్పుడే మీ పేరుకి మార్పించుకోండి.

ఆ కంపెనీలో పోయిన అవకాశం నాకు మళ్లీ రాలేదు. వేరే ఉద్యోగం దొరకడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. సిగ్నల్ ఒక్కటే కారణమని అనను. కానీ ఆ రెండు రోజుల్లో ఒక్కసారి ఫోన్ మోగి ఉంటే, ఇంటర్వ్యూకైనా కూర్చునేవాణ్ని కదా!

అందుకే ఈ రోజు రాత్రి చిన్న పని చేయండి. మీ గది తలుపేసుకుని, ఫోన్ మామూలుగా పెట్టే చోటే పెట్టి, ఫ్రెండ్‌తో రెండు మూడు సార్లు కాల్ చేయించుకోండి. ప్రతిసారీ మోగితే మీ సిమ్ మంచిదే, దాన్నే ఉంచుకోండి. మోగకపోతే... 1900కి ఎస్సెమ్మెస్ పంపడానికి ఒక్క నిమిషం చాలు.