విమానాశ్రయాల లెక్క పూర్తి కావాలి

1911 ఫిబ్రవరి 18వ తేదీన అలహాబాదు నుండి యమునా నదికి ఆవలనున్న నైనికి ఒక చిన్న విమానం సుమారు 6,500 ఉత్తరాలను మోసుకొని పోయినది. నడిపినవాడు హెన్రీ పెకే అనే ఫ్రెంచి యువకుడు. దూరం పది కిలోమీటర్లు మాత్రమే. అధికారికంగా విమానంలో తపాలా చేరవేయటం ప్రపంచంలో అదే మొదలని చరిత్ర చెబుతున్నది. విమానయానం తపాలా ఉద్యోగికి నాటి నుండే పరాయి విషయం కాదు. దూరాలను కలపటమే వృత్తిగా గల రైల్వే ఉద్యోగికి కూడా కాదు. కనుక చిన్న పట్టణాలకు సైతం విమానాశ్రయాలు వస్తున్న ఈ తరుణంలో, వాటి వలన గాలికి, నీటికి, నేలకు కలిగే నష్టాన్ని తగ్గించేది ఎట్లా అన్న ప్రశ్నను మనం మన ప్రశ్నగానే స్వీకరించాలని మేము భావిస్తున్నాము.

ప్రాంతీయ విమానయానానికి ఉద్దేశించిన ఉడాన్ పథకం క్రింద 2017 ఏప్రిల్ 27న ప్రారంభమైన తొలి సర్వీసులలో కడప–హైదరాబాదు ఒకటి. 2021 మార్చిలో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో మరొక విమానాశ్రయం ప్రారంభమైనది. కొత్తగా వచ్చే ప్రతి విమానాశ్రయాన్నీ “హరిత” విమానాశ్రయమని పిలవటం నేడు ఆనవాయితీ అయినది. ఆ పేరుకు తగిన పని ఏమిటో తెలుసుకోవాలంటే, అందరికంటే ముందు ఆ పనికి పూనుకొన్న కొచ్చి అనుభవాన్ని పరిశీలించటం న్యాయం.

1999లో ప్రారంభమైన కొచ్చి విమానాశ్రయం కేరళ ప్రభుత్వం ప్రధాన వాటాదారుగా, ప్రవాస భారతీయులతో సహా వేలాది చిన్న వాటాదారుల సొమ్ముతో ఏర్పడినది. 2013లో అది ఒక భవనం పైకప్పు మీద 100 కిలోవాట్ల సౌర ఫలకాలను అమర్చి పరీక్షించినది. ఫలితం చూచుకొన్న మీదట 2015 ఆగస్టు 18న 45 ఎకరాలలో 12 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించినది. పగలు మిగిలిన విద్యుత్తు రాష్ట్ర గ్రిడ్డుకు పోతుంది. రాత్రి కావలసినది గ్రిడ్డు నుండి తిరిగి వస్తుంది. భారీ బ్యాటరీల ఖర్చు లేకుండానే జమాఖర్చు సరిపోయినది. ఫలకాల నడుమ కూరగాయలు పండించారు. ఫలకాలు కడిగిన నీటినే పంటకు పారించారు. 2021లో కోళిక్కోడు జిల్లా అరిప్పారలో 4.5 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం దీనికి తోడైనది. వానకాలంలో ఎండ తగ్గినప్పుడు ఏరు నిండుతుంది. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఈ విమానాశ్రయాన్ని “ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్” పురస్కారంతో గౌరవించినది.

ఈ కృషిని మేము మనఃపూర్వకంగా అభినందిస్తున్నాము. ప్రభుత్వ భాగస్వామ్యం గల సంస్థలకు ముందుచూపు ఉండదని వాదించేవారికి ఇది తగిన సమాధానం. ఇతర చోట్ల ఈ పని అసాధ్యం కాదు. ఓర్వకల్లు మండలంలోని శకునాల, దాని పొరుగున ఉన్న గని గ్రామాల భూములలో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుండే పనిచేస్తున్నది. ఎండకు మనకు కొదువ లేదు.

అయితే లెక్క ఇక్కడితో ముగియదు. విమానాశ్రయం తన దీపాలకు, చల్లదనానికి, యంత్రాలకు వాడే విద్యుత్తు ఒక పద్దు. అక్కడి నుండి ఎగిరే విమానాలు మండించే ఇంధనం మరొక పద్దు. రెండవది మొదటిదాని కంటే ఎన్నో రెట్లు పెద్దది. మానవుడు గాలిలోకి విడిచే బొగ్గుపులుసు వాయువులో సుమారు రెండున్నర శాతం విమానయానానిదే. “కాలుష్యరహిత” మనే బిరుదులు ఇచ్చేటప్పుడు సాధారణంగా మొదటి పద్దునే చూస్తారు. రెండవది విమాన కంపెనీల ఖాతాలో పడుతుంది. పైకప్పు మీద ఫలకాలు మెరుస్తున్నవని రన్‌వే మీది పొగ మాయం కాదు.

ఆ పొగను మొదట పీల్చేది ఎవరు? ప్రయాణికుడు అద్దాల గోడ వెనుక ఉంటాడు. సామాను ఎత్తేవారు, ఇంధనం నింపేవారు, విమానం లోపల ఊడ్చేవారు దాని ప్రక్కనే నిలబడి పనిచేస్తారు. విమానం ఆగి ఉన్నప్పుడు కూడా లోపలి దీపాలకు, చల్లగాలికి దాని తోకలోని చిన్న ఇంజను కిరోసిన్ మండిస్తూనే ఉంటుంది. చుట్టూ డీజిలు ట్రాక్టర్లు తిరుగుతుంటవి. డీజిలు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే నిర్ధారించినది. డెన్మార్కులోని కోపెన్‌హాగెన్ విమానాశ్రయంలో విమానాలు నిలిచే ఆవరణలోని గాలిలో అతి సూక్ష్మమైన పొగ రేణువులు అధికంగా ఉన్నట్లు పరీక్షలలో తేలినది; అక్కడి కార్మిక సంఘం ఈ విషయాన్ని పట్టుదలతో ముందుకు తెచ్చినది. బొగ్గు ఇంజన్ల పొగలో జీవితాలు గడిపిన ఫైర్‌మన్ల వారసులమైన మనకు ఈ బాధ వేరుగా వివరించనవసరం లేదు.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ఆగిన విమానానికి నేల మీది నుండే విద్యుత్తును, చల్లగాలిని అందిస్తే తోకలోని ఇంజనును ఆపివేయవచ్చును. ట్రాక్టర్లను, బస్సులను, సామాను బండ్లను విద్యుత్తుతో నడపవచ్చును. ఒక్క ఇంజనుతోనే విమానాన్ని నేల మీద నడిపించవచ్చును. చిన్న విమానాశ్రయంలో వాహనాలు తక్కువ, దూరాలు తక్కువ. ఈ మార్పు అక్కడే సులభం.

నీటి విషయమూ కొచ్చియే నేర్పినది. పెరియారు నదికి చేరువలో, పూర్వం వరిపొలాలున్న పల్లపు భూమిలో ఆ విమానాశ్రయం ఉన్నది. పురస్కారం పొందిన సంవత్సరమే, 2018 ఆగస్టు 15 నుండి 29 వరకు, వరద నీరు రన్‌వేను ముంచి రాకపోకలను స్తంభింపజేసినది. సూర్యుని లెక్క సరిగా వేసిన చోట వాగుల లెక్క తప్పినది. కనుక స్థలం ఎంపికలోనే చెరువులను, కాలువలను కాపాడాలి. చుట్టుప్రక్కల గ్రామాలకు నీరు పోయే దారిని మూసివేయరాదు.

చివరిది రైలు. కొచ్చి నుండి లక్షద్వీపాలలోని అగత్తికి పోయేవానికి రైలు లేదు. అతనికి విమానం అవసరం. కాని రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరగల దూరాలకు సబ్సిడీ ఇచ్చి విమానాలు నడపటం, అదే సమయంలో సాధారణ బోగీలలో జనం నిలువుకాళ్ల మీద ప్రయాణించటం ఏమి విజ్ఞత? మన రైల్వేలు మచ్చలేనివని మేము అనటం లేదు. బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ పొందినప్పటికీ, ఆ విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. అయినా ఒక్కొక్క ప్రయాణికునికి పడే పొగ భారం రైలులోనే బహు స్వల్పం. విమానాశ్రయం గడప వరకు రైలు పోవటం కూడా అంతే అవసరం.

కనుక మేము కోరేది ఇది. ప్రతి ప్రాంతీయ విమానాశ్రయం తన విద్యుత్తుతో పాటు అక్కడ నింపిన విమాన ఇంధనం లెక్కను కూడా ఏటా ప్రకటించాలి. విమానాలు నిలిచే ఆవరణలో గాలిని కొలిచి, ఆ వివరాలు కార్మికులకు తెలపాలి. కాంట్రాక్టరు మారినా కార్మికుని ఆరోగ్య పత్రం మారకుండా కొనసాగాలి. వాహనాలు మారినప్పుడు డ్రైవర్లకు, మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి పనిలో నిలపాలే గాని తొలగించరాదు. పర్యావరణ కమిటీలలో కార్మిక ప్రతినిధులకు, పొరుగు గ్రామస్థులకు స్థానం ఉండాలి.

మన శాఖలు ఈ అంశాన్ని చర్చకు తీసుకోవాలని, తమ ప్రాంతంలోని విమానాశ్రయ కార్మికులను, ముఖ్యంగా సంఘమే లేని కాంట్రాక్టు సోదరులను, సోదరీమణులను ఆ చర్చకు ఆహ్వానించాలని మేము విజ్ఞప్తి చేస్తున్నాము. తపాలా సంచి ఎత్తే చేయి, రైలు పట్టా బిగించే చేయి, విమానంలోకి సామాను ఎక్కించే చేయి ఒకే వర్గానివి. అవి పీల్చే గాలి కూడా ఒకటే.