సలహాదారు ఇంజనీర్ల బాధ్యత

వంతెన గాని ఆనకట్ట గాని దెబ్బతిన్నపుడు జనులు మొట్టమొదట గుత్తదారును నిందింతురు. సిమెంటు తక్కువ వేసెననియు, ఇనుము మిగుల్చుకొనెననియు చెప్పుకొందురు. అట్టి గుత్తదారులు లేకపోలేదు. కాని గుత్తదారు గునపము పట్టక పూర్వమే, నదిలో నే చోట పునాది దిగవలెనో, స్తంభములెంత బరువు మోయవలెనో నిర్ణయించి పటములు గీచి యిచ్చువా డొకడు కలడు. అతడే కన్సల్టింగు ఇంజనీరు. అతని పేరు సామాన్యముగా శిలాఫలకముపై కనబడదు. ప్రమాదము జరిగిననాడును జనుల నోట వినబడదు. ఈ వృత్తికి నాయకత్వ మెట్టిది, దీనిపై అదుపు ఎవరిది అను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. పన్ను చెల్లించు ప్రతివానికిని, కాలువ నీటిపై నాధారపడు ప్రతి రైతునకును సంబంధించినది.

ఈ విషయమున కెనడా దేశపు క్విబెక్ వంతెన కథ చిరస్మరణీయమైనది. సెయింట్ లారెన్స్ నదిపై రైలు వంతెన నిర్మింపబూనిన కంపెనీ న్యూయార్కు నగరవాసియగు థియొడోర్ కూపరును కన్సల్టింగు ఇంజనీరుగా నియమించెను. వంతెనల నిర్మాణమున ఆయనకు అమెరికా ఖండమున గొప్ప ప్రతిష్ఠ. 1900లో ఆయన సలహాపై ప్రధాన స్తంభముల నడిమి దూరము 1,600 అడుగులనుండి 1,800 అడుగులకు పెంచబడెను. దూరము పెరిగిన ఉక్కు బరువును పెరుగును. ఆ బరువును సరిగా తిరిగి లెక్కింపకయే పని సాగించిరి. 1906లో అసలు బరువు అంచనాకు మించినదని తేలినపుడు, వంతెన దానిని సహింపగలదని తలచి కూపరు పని నాపింపలేదు.

అంతకు పూర్వమే, 1903లో, కెనడా ప్రభుత్వపు రైల్వే శాఖవారు ఆ పటములను వేరొక ఇంజనీరుచే పరీక్షింపజేయ సంకల్పించిరి. తనపై నింకొకరు పరీక్షకుడుగా నుండుట కూపరు సహింపలేదు. తుదకు ఆయన మాటయే చెల్లెను. ఆయన యనారోగ్యముచే, ఉక్కు పని జరుగుచున్న కాలమున ఒక్కమారైనను అచ్చటికి పోలేదు. తగిన సిబ్బందిని పెట్టుకొనుటకు ఆయన ప్రతిఫలము చాలదు. పని స్థలమున ఆయన ప్రతినిధిగా నున్న యువకునకు పని నాపింపజాలు పలుకుబడి లేదు.

1907 ఆగస్టులో క్రిందివైపు దూలములు వంగుచుండుట కనిపెట్టి ఆ యువకుడు న్యూయార్కునకు పోయి 29వ తేదీన కూపరునకు విన్నవించెను. వంతెనపై నింక బరువు మోపవలదని కూపరు తంతి నిచ్చెను. కాని ఆ తంతి క్విబెక్‌నకు గాక, పెన్సిల్వేనియాలోని ఉక్కు కంపెనీ కార్యస్థానమునకు పోయెను. పని యాగలేదు. ఆ సాయంకాలమే వంతెన నదిలో కూలినది. 75 మంది పనివారు మడిసిరి. మరుసటి సంవత్సరము విచారణ సంఘమువారు తప్పు కూపరునందును, ఉక్కు కంపెనీ పటములు సిద్ధపరచిన ఇంజనీరునందును కలదని తేల్చిరి.

కూపరు లంచగొండియని సంఘమువారు చెప్పలేదు, అసమర్థుడనియు చెప్పలేదు. ఆయన కీర్తియే ఆయనకు కంచుకోటయై, ప్రశ్నించువారిని దూరముగా నుంచినది. ఎంతటి పెద్దవాని ప్రతిష్ఠయైనను పరీక్షకు మారు కాజాలదు. మన గ్రామములలో చెరువు గట్టుపై నీరుకట్టువాడు బుడగ లేచుట చూచినపుడు, పై యధికారి కుత్తరము వ్రాసి ప్రత్యుత్తరమునకై కూర్చుండడు. కేకవేసి జనమును పిలుచును. క్విబెక్‌లో ఆ కేకవేయు అధికారము గలవాడు లేకపోయెను.

ఇది పరదేశపు పాతకథయని త్రోసివేయ వీలులేదు. 2019 జూన్‌లో ప్రారంభమైన కాళేశ్వరము ఎత్తిపోతల పథకమున, గోదావరిపై మేడిగడ్డ బారేజీ స్తంభములు 2023 అక్టోబరు 21న క్రుంగినవి. నిండా నాలుగున్నరేండ్లైనను గడువలేదు. యోచనలో, రూపకల్పనలో, నాణ్యతా పరీక్షలో, నిర్వహణలో కలిసిన లోపములే కారణమని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ పరిశీలకులు వ్రాసిరి. అపరాధి యెవరో తీర్పుచెప్పుట మా పని కాదు. కాని లోపములు నాలుగు చోట్ల నున్నపుడు, నాలుగింటిలో నొక్కచోటనైనను “ఆగుడు” అని చెప్పి యాపింపగలిగిన స్వతంత్రుడేల లేకపోయె నను ప్రశ్న ప్రజలకు మిగిలియున్నది.

నేటి కన్సల్టింగు ఇంజనీరు పెక్కుచోట్ల ఒక మనుష్యుడు కాడు, కంపెనీ. టెండరులో అనుభవజ్ఞుల పేర్లు చూపుట, పని చేతికి వచ్చిన పిమ్మట వారి స్థానమున క్రొత్తవారిని పంపుట ఈ రంగమున నెరుగని విషయము కాదు. ఇంకొక జాడ్యము ఇంతకంటె ఘోరము: నిర్ణయము ముందు జరుగును, నివేదిక వెనుక పుట్టును. ఏలినవారు కోరిన చోటనే ప్రాజెక్టు కట్టవచ్చునని వ్రాయుటకు పిలువబడినవాడు సలహాదారు కాడు, వ్రాయసకాడు. అట్టి వ్రాతకు ఖర్చు ప్రజలది. భూములు పోగొట్టుకొనువాడు రైతు. అప్పు తీర్చువారు మన బిడ్డలు.

కావున మేము కోరునవి నాలుగు. సలహాదారు నెన్నుకొనుటలో తక్కువ ధరయే కొలబద్ద కారాదు. పెద్ద నిర్మాణముల పటములను, వానిని గీచినవారితో గాని గుత్తదారుతో గాని లావాదేవీ లేని వేరొక ఇంజనీరు పరీక్షింపవలెను. ఆ పరీక్షా నివేదిక ప్రజలకు ప్రకటింపబడవలెను. పని స్థలమున నుండు ఇంజనీరునకు పని నాపించు అధికారము వ్రాతపూర్వకముగ నుండవలెను. తుదకు ప్రతి పటముపై నొక మనుష్యుడు తన పేర సంతకము చేసి, దానికి చట్టమునెదుట ఉత్తరవాదిగా నిలువవలెను.

ఈ కడపటిది క్రొత్త కోరిక కాదు. లెక్కలు తనిఖీ చేయువారికి 1949 నాటి చట్టము, న్యాయవాదులకు 1961 నాటి చట్టము, గృహశిల్పులకు 1972 నాటి చట్టము మన దేశమున కలవు. తప్పుచేసినవాని పేరు పట్టికనుండి కొట్టివేయవచ్చును. కెనడా రాష్ట్రములు 1920 మొదలు ఇంజనీర్లకును అట్టి శాసనముల నేర్పరచుకొన్నవి. మన దేశమున మాత్రము 2024 ముగియునప్పటికిని ఇంజనీర్ల కట్టి చట్టము రాలేదు. వేయి రూపాయల దావా నడపువానికి పట్టా కావలెను; వేయి గ్రామముల ప్రాణములకు పూటపడువానికి వలదా?

ఇట్టి కట్టుబాట్లు పెట్టిన సమర్థులు ముందునకు రారనియు, పనులు మందగించుననియు కొందరందురు. న్యాయాధిపతి యున్నాడని సమర్థుడైన వకీలు కోర్టు మానుకొనలేదు. కాలయాపన మాటకు వచ్చిన, పరీక్షకు పట్టు మాసములు కొన్ని. క్రుంగిన స్తంభముల నుద్ధరించుటకు పట్టునవి సంవత్సరములు. తన లెక్కను ఇతరులు సరిచూడవలెనని తానే కోరువాడు నిజమైన నాయకుడు. అట్టివారిని గౌరవించుటయు, అట్టి పరీక్షను శాసనముచే నిర్బంధించుటయు ప్రభుత్వముల విధి. దానిని తమ ప్రతినిధులచే చేయించుకొనుట ప్రజల విధి.