నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా?

డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నందుకు 1962లో నోబెల్ పంచుకున్న జేమ్స్ వాట్సన్ 2025 నవంబరులో కన్నుమూశారు. అంతటి శాస్త్రవేత్త 2007లో నల్లజాతి వారి తెలివి పుట్టుకతోనే తక్కువన్నట్టు మాట్లాడారు. 2019లో ఆ అభిప్రాయం మారలేదని చెప్పడంతో, ఆయన ఏళ్లతరబడి నడిపిన పరిశోధన సంస్థే గౌరవ పదవులను వెనక్కి తీసుకుంది.

ఇది అమెరికా గొడవ అనుకోకండి. గోదావరి సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆంగ్లేయుడు కులాలవారీగా జనం తలలు, ముక్కులు కొలిచి, 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. ఆ కొలతలకు ఇప్పుడు విలువ లేదు. కానీ ‘వాడి పుట్టుకే అంత, చదువెక్కడ అబ్బుతుంది?’ అనే మాట మన వీధుల్లో ఇంకా బతికే ఉంది.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 642 మంది బాలురకు కాగితం మీద దారి కనుక్కునే చిక్కుబాటలు ఇచ్చారు. సగం మంది అగ్రకులాల వారు, సగం మంది దళితులు. కులం ఊసెత్తని చోట ఇద్దరూ ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ముందూ కులం చదివి వినిపించిన చోట దళిత బాలుర ఫలితం సుమారు ఐదో వంతు పడిపోయింది. 2006లో అచ్చయిన ఈ పరిశోధనలో తేడా తెచ్చింది పుట్టుక కాదు, గదిలో పలికిన మాట.

మనిషికీ మనిషికీ తెలివిలో తేడాలుంటాయి, అందులో వంశపారంపర్యానికీ పాలుంది. అంతమాత్రాన రెండు జాతుల సగటు మార్కుల్లో తేడా పుట్టుకదేనని తేలదు. డెల్టా రైతుకు ఇది విడమరచి చెప్పాలా? ఒకే విత్తనం కాలువ మొదట్లో బాగా పండి, నీరందని శివారు చేలో తాలు గింజలిస్తే విత్తనాన్ని నిందిస్తామా?

నతనయేలు యేసును చూడకముందే ఊరిపేరు విని తీర్పు తీర్చాడు (యోహాను 1:46). ఫిలిప్పు వాదించలేదు, వచ్చి చూడమని పిలిచాడు. మామిడికుదురులో పేద దళిత ఇంట పుట్టిన బోయి భీమన్న కవిగా ఎదిగి 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. చూడకుండా తీర్పు తీర్చి ఇలాంటి వారినెందరిని పోగొట్టుకున్నామో!

ప్రియులారా, దేవుడు అందరినీ ఒక్కరి నుంచే పుట్టించాడని (అపొ. కా. 17:26) ప్రకటిస్తూనే కులానికో సంఘంగా చీలిపోతే, సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి ‘మొద్దు’ అంటే, ఆ గదిలో కులం చదివిన గొంతు మనదే అవుతుంది. ఈ ఆదివారం ఆ బిడ్డను పేరుపెట్టి పిలిచి దగ్గర కూర్చోబెట్టుకోండి. నజరేతువాడైన మన ప్రభువు సంతోషిస్తాడు.