ఇడియమ్‌కు అర్థం ఒక్కటే రాస్తే చాలదు

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో మాకు రోజుకు పది ఇడియమ్స్ ఇస్తున్నారు. పక్కన అర్థం, కింద ఒక వాక్యం. రాత్రి స్టడీ అవర్‌లో బట్టీ కొట్టేస్తున్నాం. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే చాలా సులువైన పని, ‘బ్రేక్ ది ఐస్’ అంటే కొత్తవాళ్లతో మాట కలపడం. వీటితో మాకు పేచీ లేదు. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు, ఇంటర్వ్యూల్లో ఇవి కావాలి.

కానీ మొన్నటి లిస్టులో ‘గో ఆఫ్ ది రిజర్వేషన్’ అని వచ్చింది. అర్థం: హద్దు మీరడం, పైవాళ్ల మాట కాదని సొంతంగా పోవడం. అంతే, ఇంకేం లేదు. మనకు రిజర్వేషన్ అంటే సీటు, ఉద్యోగం. అమెరికాలో అది వేరు. అక్కడి ఆదివాసులను వాళ్ల నేల నుంచి తరిమేసి, ఇక్కడే పడి ఉండండి అని గీత గీసి ఇచ్చిన జాగా అది. 19వ శతాబ్దంలో ఆ గీత దాటాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి కావాలి. లేకుండా దాటితే సైన్యం వెంటపడేది. ఆ మాట అక్కడ పుట్టింది. ఇప్పుడు బాస్ చెప్పినట్టు వినని ఉద్యోగిని అలా అంటున్నారు.

మనకేమన్నా ఇది దూరపు కథా? బ్రిటిష్ వాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పేరు చెప్పి సెటిల్‌మెంట్లలో పెట్టిన మన ఎరుకల కుటుంబాలు కూడా బయటికి వెళ్లాలంటే పాసు చూపించాల్సిందే.

‘సోల్డ్ డౌన్ ది రివర్’ కూడా అలాంటిదే. నమ్మించి మోసం చేశారని అర్థం రాస్తారు. మిసిసిపీ నది మీదుగా కింది పత్తి తోటలకు అమ్మేసిన నల్లజాతి బానిసల మాట అది.

స్లాంగ్ సంగతీ అంతే. రీల్స్‌లో ‘వోక్’ అని వెటకారం చేస్తుంటారు. 1938లో లెడ్ బెల్లీ అనే నల్లజాతి గాయకుడు, అలబామాలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద పెట్టిన తప్పుడు కేసు గురించి పాడి, అక్కడికి వెళ్తే మెలకువగా ఉండండని ఆ మాటతోనే తనవాళ్లను హెచ్చరించాడు.

తెలుగు పేపర్లు చూడండి. ఎక్కడ ఘోరం జరిగినా ‘ఆటవిక చర్య’ అని హెడ్డింగ్. అటవి అంటే అడవి, అడవిలో ఉండేది మనం. రాసే ఆయనకు మన మీద పగేం ఉండదు, ఆయనకు అర్థం ఒక్కటే నేర్పారు. మేమూ ఇంగ్లిష్‌ను అలాగే నేర్చుకుంటే రేపు ఇంకో ఆదివాసీ ముందు నవ్వుతూ ఆ ‘రిజర్వేషన్’ మాటే అనేస్తాం.

అయితే ఇంగ్లిష్ మానేయాలా అని ఒక అన్న అడిగారు. ఎందుకు మానేయాలి? ఎదుటివాళ్లు అంటే మనకు అర్థం కావాలి. మన నోటితో అనాల్సిన పని మాత్రం లేదు, హద్దు మీరాడనడానికి ‘క్రాస్ ది లైన్’ ఉంది కదా. సార్లు ఆ లిస్టులో ఎక్కడ పుట్టిందో రాయడానికి ఇంకో గడి పెడితే బాగుండు. మా రూములో నోటుబుక్కులో ఆ గడి మేమే గీసుకున్నాం, ఇప్పటికి పదమూడు నిండాయి. మీ కాలేజీ లిస్టుల్లో ఇలాంటివి తగిలితే కింద రాయండి అన్నా, అక్కా, మిగతా గడులు నింపుకుంటాం.