పాత సైకిల్‌లో ముందు మార్చాల్సింది గేర్లు కాదు, బ్రేకులు

ఆఫీసుకు సైకిల్‌పై వెళ్దామని మూలనపడ్డ పాత రోడ్ బైక్‌ను బయటకు తీసినవారి మనసు మొదట గేర్ల మీదికి పోతుంది. ఆ తర్వాత బరువు మీదికి. కోల్‌కతాలో ఈ రెండింటిపై పెట్టే ఖర్చు చాలావరకు వృథా.

నగరం చదునైనది, సముద్రమట్టానికి సుమారు పది మీటర్ల ఎత్తులోనే ఉంది. ఎక్కాల్సిన ఎత్తులంటే ఫ్లైఓవర్లే. వాటిలో చాలావాటిపైకి సైకిళ్లను రానివ్వరు! ఇక బరువు సంగతి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు అనుకుంటే, గంటకు 18 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కావలసిన గతిశక్తి 1000 జౌళ్లు. వేలు పోసి ఒక కిలో తగ్గిస్తే మిగిలేది 12.5 జౌళ్లు. ఆ తేడా కాళ్లకు తెలియదు.

తేడా తెలిసేది ఆగేటప్పుడు. పాత సైకిళ్లలో చాలావాటికి క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ములుంటాయి. వాన పడితే నున్నని ఆ పూతకూ రబ్బరు బ్రేకుకూ మధ్య నీటి పొర నిలిచి ఘర్షణ బాగా పడిపోతుంది. అదే 18 కిలోమీటర్ల వేగంలో, బ్రేకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గించగలిగితే సైకిల్ రెండున్నర మీటర్లలో ఆగుతుంది. 1 మీటరు చొప్పునే తగ్గిస్తే పన్నెండున్నర మీటర్లు పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన కురిసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. తడిలో అల్యూమినియం రిమ్ముపై పట్టు ఇంతకంటే చాలా మేలు.

అయితే కొనేముందు కొలత చూడాలి. పాత 27 అంగుళాల రిమ్ములో టైరు కూర్చునే చోట వ్యాసం 630 మిల్లీమీటర్లు, నేటి 700సి రిమ్ములో 622. అంటే బ్రేకు దిమ్మను 4 మిల్లీమీటర్లు కిందికి దించాలి. అంత జాగా లేకపోతే పొడవు చేతుల బ్రేకు తప్పదు.

టైరు ఫ్రేములో పట్టినంత వెడల్పుది ఉంటే మంచిది. వెనుక చక్రంపై 48 కిలోల భారం పడితే, 100 పీఎస్ఐ గాలితో నేలను తాకే వైశాల్యం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. 60 పీఎస్ఐతో 11కు పైగా. గతుకుల అదురు తగ్గుతుంది. సన్నటి టైరుకు గాలి తగ్గిస్తే గుంతలో రిమ్ము తగిలి ట్యూబు చిరుగుతుంది, అందుకే వెడల్పు కావాలి. ట్రామ్ పట్టాలు మిగిలిన వీధుల్లో మాత్రం ఏ టైరైనా పట్టాలను అడ్డంగానే దాటాలి.

ఇన్ని మార్చినా మారనిది రోడ్డు. ఒకప్పుడు అసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ సైకిళ్లు తయారుచేసిన రాష్ట్రమిది. ఆ రాష్ట్ర రాజధానిలోనే 2013లో పోలీసులు 174 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు, తర్వాత ఆ సంఖ్యను 62కు తగ్గించారు. వాహనాల వేగం పెరగాలన్నది అందుకు చెప్పిన కారణం. పొగ వదలని, కారుతో పోలిస్తే నామమాత్రపు చోటు సరిపోయే వాహనాన్ని ముందు తొలగించడం తలకిందుల లెక్క. పక్కనే న్యూటౌన్‌లో సైకిళ్లకు విడిగా దారులు వేశారు. పాత నగరంలో అంత వెడల్పు లేదన్నది నిజమే కానీ, కార్లు నిలిపే చోటులో కొంతైనా సైకిళ్లకు ఇవ్వవచ్చు. అప్పటిదాకా కొత్త సైకిలిస్టు పెద్ద రోడ్డు వదిలి సందుల్లోంచి వెళ్లాల్సిందే. రిక్షాలు, తోపుడుబళ్లు, తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చే పిల్లలు ఉండేది అక్కడే.