చూచుట వేఱు, లెక్కించుట వేఱు

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతిలో జంతుశాస్త్ర పాఠము చెప్పుచు, "మన యాంధ్రదేశమున కోతులెన్ని రకములు?" అని మేమడిగితిమి. తరగతి యంతయు నొక్క గొంతుతో "ఒకటే నండి" యనెను. వెనుక బల్లమీది బాలుడొకడు మాత్రము లేచి, "రెండండి, కోతి, కొండముచ్చు" అనెను. ఆ బాలుడు ప్రతిదినము సఖినేటిపల్లి రేవునుండి పంటు మీద వసిష్ఠ గోదావరిని దాటి బడికి వచ్చువాడు. వాని సమాధానము తక్కినవారి దానికంటె మేలైనదే గాని, అదియు చాలదు. తాను దినమునకు రెండుమారులు దాటుచున్న యేటికిని ఆ ప్రశ్నకును సంబంధము కలదని వానికి తెలియదు. నిజము చెప్పవలెనన్న, కొన్ని యేండ్ల క్రిందటివఱకు మాకును తెలియదు.

పూర్వపు ప్రకృతి శాస్త్రజ్ఞులు ఉత్తరదేశపు కోతికిని దక్షిణదేశపు కోతికిని పడమట తపతీనదియు, తూర్పున గోదావరియు పొలిమేరలని వ్రాసిరి. గోదావరికి దక్షిణమున నుండునది బోనెట్ కోతి. దాని నడినెత్తిన వెండ్రుకలు సుడిదిరిగి టోపీ పెట్టినట్లుండును; తోక దేహముకంటె పొడవు. ఉత్తరమున నుండునది రీసస్ కోతి. దాని తోక పొట్టి. నడుము క్రింది భాగము ఎఱుపు కలిసిన వన్నె. తలపై టోపీ లేదు. ఒక్కసారి యెఱిగినవారు ఈ రెంటిని మరల పొరపడరు. మన ప్రాంతమున బోనెట్ కోతి పరదేశమున నెక్కడను లేదు. దక్షిణ హిందూదేశమే దాని కిల్లు.

ఇప్పుడా పొలిమేర చెదరినది. రీసస్ కోతులు గోదావరిని దాటి దక్షిణమునకు సాగుచున్నవనియు, బోనెట్ కోతులు వానికి చోటు విడుచుచున్నవనియు మన దేశపు పరిశోధకులు 2011లో ప్రకటించిరి. ఒకచోట పట్టిన కోతులను బండ్లకెక్కించి మఱియొకచోట విడుచుట యిందుకొక కారణము. బాటల వెడల్పుకై ఇరుప్రక్కల మఱ్ఱిచెట్లను, చింతచెట్లను నఱకుట వేఱొక కీడు. బోనెట్ కోతుల గుంపులు పెక్కు అట్టి సాలవృక్షములమీదనే నివసించుచుండెను. కర్ణాటకమున బాటల వెంబడి లెక్కించినవారు, ఇరువదియైదేండ్లలో ఆ గుంపులు సగముకంటె నెక్కువ తఱిగినవని 2017లో తెలిపిరి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు ప్రాణిజాతుల స్థితిని తెలుపు ఎఱ్ఱ పట్టికను ప్రకటించుచుందురు. 2008లో ఆ పట్టికలో బోనెట్ కోతి "చింత లేని" జాతులలో నుండెను. 2020 నాటికి "ఆపదకు లోనగు" జాతులలో చేరినది.

ఇది చదివి తలిదండ్రులలో కొందఱు నవ్వుదురని యెఱుగుదుము. "అయ్యా, కొబ్బరితోటలో పిందె నిలువనీయవు, పెంకుటింటి మీద పెంకు నిలువనీయవు, ఇవి తఱుగుచున్నవా?" అని యడుగుదురు. వారి నష్టము కల్ల గాదు. బిడ్డచేతి రొట్టెను లాగుకొని పోవు కోతిపై దయ యుంచుమని చెప్పుట సులభము గాదు. అయినను మా మనవి యొక్కటి. మన కంటబడుట వేఱు, లోకమున మిక్కుటముగ నుండుట వేఱు. చెట్టు పోయిన కోతి ఊరిలోనికి వచ్చును. ఊరిలోనికి వచ్చిన కోతి అందఱి కంటను బడును. కావున తఱుగుచున్న జాతియే పెరుగుచున్నట్లు తోచవచ్చును.

ఇట్టి పొరపాటు మన మొకమారు చేసియున్నాము. మా బాల్యమున పెద్దలు, పశువు చచ్చిన చోట ఆకాశము కనబడనంతగ రాబందులు వ్రాలుచుండెడి వని చెప్పెడివారు. అవి లేకుండ పోవునని యెవరును తలపలేదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ అను మందు, ఆ కళేబరములను తిన్న రాబందులకు విషమయ్యెను. తెల్లవీపు రాబందులు 1992 మొదలు 2007 వఱకు నూటికి తొంబదితొమ్మిది వంతులకు పైగా నశించినవి. 2006లో పశువులకా మందు నిషేధింపబడునప్పటికే ఆకాశము శూన్యమయ్యెను. చూచుచునే యుంటిమి, లెక్కించినవారు మాత్రము కొద్దిమంది.

లెక్కవలన మేలేమని బాలు రడుగవచ్చును. సొలొమోను రాజు ఓడలు కోతులను తెచ్చెడివని రాజుల గ్రంథమున చదువుచున్నాము. ఇరువదవ శతాబ్దిలో మన దేశమునుండి పరదేశపు ప్రయోగశాలలకు పోయిన రీసస్ కోతుల సంఖ్య ముందు ఆ యోడల సరకు లెక్కకు రాదు. 1950 తరువాతి దశాబ్దములో ఒక్కొక్క యేట లక్షకు పైగా పంపబడెను. 1940లో కనుగొనబడిన రక్తపు ఆర్‌హెచ్ గుణమునకు ఆ కోతి పేరే వచ్చినది. పోలియో టీకా ఆ కోతుల మూత్రపిండముల కణములలో పెంపబడినది. మన బిడ్డల కాళ్లు నిలిచినవన్న అందులో వాని ఋణము కలదు. 1959 మొదలు చార్లెస్ సౌత్‌విక్ అను శాస్త్రజ్ఞుడును, అలీగఢ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులును ఉత్తరప్రదేశమున గ్రామములు, కాలువ గట్లు, రైలు స్టేషన్లు తిరిగి కోతులను లెక్కించిరి. బాటసారి కంటికి కోతులు కొల్లలుగ నుండెను. లెక్క వేసినవారికి మాత్రము గుంపులలో ఎదుగుచున్న పిల్లలు మిక్కిలి తక్కువ యని తేలెను. పట్టువారు పిల్లకోతులనే యేరి పట్టుచుండుటయే కారణము. 1978లో ప్రభుత్వమువారు ఎగుమతిని నిషేధించిరి. ఆ జాతి మరల వృద్ధి పొందినది.

వెలుపలి లోకములోను ఇట్లే. కోతులు, తోకలేని వానరములు, లీమరులు కలిసి అయిదువందల జాతులకు పైగా నున్నవి. వానిలో నూటికి అఱువది జాతులు నశించు నపాయమున నున్నవని 2017లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. పడమటి కనుమల సింహపుతోక కోతులు సుమారు నాలుగువేలే. అయినను లెక్కించి కాపాడినచోట ఫలము కనబడినది. ఆఫ్రికాలోని విరుంగా కొండలలో 1981లో కొండగొరిల్లాలు సుమారు 250 మాత్రమే. 2018లో అక్కడివియు, బ్విండి యడవిలోనివియు కలిసి వేయి దాటినవి.

మన యాంధ్రదేశమున ఇందుకు విపరీతమైన ప్రాణి యొకటి కలదు. అది దేవాంగపిల్లి. పేరు పిల్లి గాని, జాతికి వానరము. పిడికెడు దేహము, సన్నని కాళ్లు, తోక లేదు, ముఖమంతయు కన్నులే. రాత్రివేళ కొమ్మలపై మెల్లగ నడచుచు పురుగులను తినును. శేషాచలము కొండలయందు, తూర్పు కనుమలయందు నివసించును. దానిని పట్టి మంత్రతంత్రములకును, నాటుమందులకును చంపువారు కలరు. చట్టము దానికి మొదటి తరగతి రక్షణ మిచ్చినను, ఎన్నడును చూడనిదానికై జాలిపడువారు తక్కువ. తమిళదేశమున మాత్రము 2022లో కరూరు, దిండిగల్లు జిల్లాల యడవిలో 11,806 హెక్టారులను దానికొఱకే అభయారణ్యముగ ప్రకటించిరి. మనము కోతిని నిత్యము చూచుచున్నాము గనుక లెక్కింపము. దేవాంగపిల్లిని చూడము గనుక లెక్కింపము. రెండు తప్పులకును మూల మొక్కటే.

అట్లయిన ఊరిబాధ మాటేమి? కోతులను పట్టి, రాత్రివేళ పొరుగూరి పొలిమేరలో విడుచుట పరిష్కారము గాదు. మన బాధను పొరుగువానికి పంచుటయే. అందులో ఏ జాతి కోతిని ఏ జాతి నడుమ విడిచితిమో చూడకుండుట మఱింత కీడు. 2022 నాటి చట్టసవరణ వలన రీసస్ కోతి రక్షిత జాతుల పట్టికనుండి తొలగినది. బోనెట్ కోతికి రక్షణ నిలిచియున్నది. కావున రెంటిని గుర్తించుట ఇక మీదట పండితుల వినోదము గాదు. గోదావరి యెగువన నిర్మల్ నందు 2020లో కోతులకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేయు కేంద్రము తెఱచిరి. ఖర్చైనను, ఆలస్యమైనను, అది తెలివైన త్రోవ. చెట్లు నాటుట, చెత్తను మూసియుంచుట, తిండి వేయకుండుట అంతకంటె చవుక త్రోవలు.

తిండి మాట వచ్చినది గనుక మా తప్పును ఒప్పుకొనుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట విద్యార్థులతో మారేడుమిల్లి యడవిబాటను పోవుచు, బస్సు నాపించి రెండు గెలల అరటిపండ్లను కోతులకు మేమే పంచితిమి. పిల్లలు చప్పట్లు చఱచిరి, మేమును సంతసించితిమి. అది దయ యనుకొంటిమి. బాటకు దిగ నేర్చిన కోతి లారీ చక్రము క్రింద పడుననియు, మనుష్యుని చేతిని చూచి భయము మానిన కోతి రేపు బిడ్డను కఱచుననియు అప్పుడు తలపలేదు. వాని తోకలు పొడవో పొట్టివో యని గూడ చూడలేదు. జంతుశాస్త్రము బోధించు మాకిది సిగ్గుచేటు.

కావున విద్యార్థులారా, వచ్చు సంవత్సరమునకు మీ కొక పని. మీ యూరి కోతులను దూరమునుండి చూడుడు; దగ్గఱకు పోవలదు, తిండి వేయవలదు. తేది, స్థలము, గుంపులో పెద్ద వెన్ని, పిల్ల లెన్ని, తోక యెట్టిది, తలపై టోపీ కలదా యని నోటుపుస్తకమున వ్రాయుడు. ఒక్క గుంపును రెండుమారులు లెక్కింపకుండ జాగ్రత్త పడుడు. కోతి కనబడని యూరివారు "లేవు" అని వ్రాసి తెండు, అదియు లెక్కయే. ఏటి కిరువైపుల పిల్లలును మన బడిలో నున్నారు. పొలిమేర యెక్కడ నున్నదో చెప్పుటకు మనకంటె తగినవా రెవరు? ఆ పంటు బాలుడు మొదటి పుట ఇదివఱకే వ్రాసి తెచ్చినాడు: "గట్టు మీద మఱ్ఱిచెట్టు. పెద్దవి పదునొకండు, పిల్లలు నాలుగు. తోక పొడవు."