అనుమతి యక్కరలేని చోట

1936 ఏప్రిల్ 1న గంజాము ఒడిశాలో చేరినది. బడిలో తెలుగు సన్నగిల్లుచున్నదని బరంపురపు తెలుగువారము నేటికిని వగచుచునే యున్నాము. ఆ వగపు న్యాయమైనదే. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము 1956 నుండి చెప్పుచునే యున్నది.

కాని యెవరి యనుమతియు నక్కరలేని చోట మనము చేసినదేమి? ఇంట కంప్యూటరున్నది, అందు తెలుగు లేదు. మన సంఘపు ఉగాది ఆహ్వానము సైతము ఇంగ్లీషు లిపిలో తెలుగు పలుకులతో వచ్చుచున్నది!

లిబ్రెఆఫీసు ఉచితము; దాని తెలుగు భాషాప్యాకును ఉచితమే. విండోసునందు స్థాపించు వేళనే తెలుగును ఎన్నుకొనవచ్చును. లినక్సునందు ఆ వెర్షనుకే చెందిన ప్యాకును విడిగా తెచ్చి చేర్చి, అమరికలలో భాష మార్చి, మరల తెరచిన చాలును. మైక్రోసాఫ్టు ఆఫీసునకును తెలుగు ప్యాకు కలదు. ఇందువలన ఒడియా తొలగదు, ఇంగ్లీషు తొలగదు.

ఆ మెనూల తెలుగు కొఱుకుడు పడదందురు. మెనూలు ఇంగ్లీషుననే యుండనిండు! తెరమీది భాష వేరు, కీబోర్డు వేరు, అక్షరదోషములు పట్టు నిఘంటువు వేరు. కడపటి రెండు చేర్చుకొన్నను పని జరుగును. మాట నచ్చనిచో మేలైనదానిని సూచించు వీలు లిబ్రెఆఫీసునందు అందఱికిని కలదు. వాడుక మాటకై గిడుగువారు పోరాడిన పర్లాకిమిడి మనకు పరాయి ఊరా? (గ్రాంథికము వ్రాయుచు ఆయన పేరెత్తుట వింతయే, క్షమింపుడు.)

మన పిల్లలు తెలుగు మాటాడుదురు, చదువలేరు. తెలుగక్షరము కనబడు చోటు వారికి ఇంటనైన నొకటి యుండవలదా? వచ్చు ఉగాది ఆహ్వానము తెలుగు లిపిలో రానిచో, కార్యదర్శిగారు చందా పుస్తకముతో మా గుమ్మమెక్క నక్కరలేదు.